శివారు చేనుకి యూజర్ ఎవరు?

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. ఏం నేర్చుకుంటే మంచిదండీ అని అడుగుతారు. నాకు నవ్వొస్తుంది. నేను నేర్చుకున్నవన్నీ నాకంటే ముందే రిటైరయ్యాయి. వాళ్ళకి కాఫీ ఇచ్చి, నాలుగు కబుర్లు చెప్పి పంపేస్తాను. వాళ్ళు వెళ్ళాక మాత్రం, చెప్పవలసింది చెప్పలేదే అనిపిస్తుంది. అలా మిగిలిపోయిన మాటలే ఇవి.

నా పేరు సుభద్ర. డేటాబేసుల పని చేసి రిటైరయ్యాను. రాజమండ్రి పొలిమేరలో, కాలువ గట్టున ఒక పాత మేడ ఉండేది. దాని పై అంతస్తులో మా చిన్న కంపెనీ. కిటికీ తీస్తే నీళ్ళు. మధ్యాహ్నం భోజనం అయ్యాక నాకు కళ్ళు వాలిపోయేవి. అదొక బలహీనత, ఆఫీసంతా ఎరిగినదే. ఆ అరనిద్రలో స్క్రీను మీద టేబుళ్ళూ కిటికీలోంచి కాలువా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఏ ముడి ఎక్కడ బిగుసుకుందో, ఏ వరస ఎటు దారి తప్పిందో కుర్చీలో జోగుతూనే కనిపెట్టిన రోజులు ఉన్నాయి. ఇప్పటికీ ఉద్యోగం తలుచుకుంటే నాకు కంప్యూటర్ గుర్తుకురాదు. తూము కింద నీటి చప్పుడు గుర్తుకొస్తుంది.

ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చినవాళ్ళకి గుర్తుంటాయి, రానివాళ్ళకి ఇంకా బాగా గుర్తుంటాయి. ఒక్క పని గురించి రాస్తాను. ఒక సైటుకి యూజర్ టేబులు మార్చడం.

కాపురం ఉన్న ఇంటికి పునాది

వెబ్‌సైటు ఏదైనా దాని అడుగున ఒక టేబులు ఉంటుంది. ఎవరెవరు లోపలికి రావచ్చో అందులో ఉంటుంది. పేరు, పాస్‌వర్డు, ఈ-మెయిలు. దాన్నే యూజర్ టేబులు అంటాం. సైటు కట్టే సరంజామాతో పాటే అది తయారుగా వస్తుంది, అద్దె ఇంట్లో ఫ్యానులా. చాలామంది దానితోనే కానిచ్చేస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు మాత్రం, అవసరం కనబడినా కనబడకపోయినా మొదటి రోజే మీ సొంత యూజర్ టేబులు పెట్టుకోండని చెబుతారు. వినండి. మిగతా టేబుళ్ళన్నీ దానికే ముడిపడతాయి. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఫిర్యాదు చేశారు, ఇలా ప్రతి 'ఎవరు'కీ జవాబు అందులోనే ఉంటుంది. కొన్నేళ్ళు పోయాక దాన్ని మార్చడమంటే మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి పునాది మార్చడమే. పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండాలి, గోడ బీట వేయకూడదు.

మేం మొదటి రోజు పెట్టుకోలేదు. మా బాస్ రామ్మోహనరావు గారు పెట్టనివ్వలేదు.

"ఉన్నదానితో కానిచ్చేద్దామండి సుభద్ర గారూ. తర్వాతది తర్వాత చూసుకోవచ్చు," అన్నారు.

ఆయన మంచి మనిషి. ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు ఆయనే ఫోన్ చేసేవారు. కోపం వచ్చినా 'అండి' మానేవారు కాదు. కానీ ఆయన చెప్పే ఆ 'తర్వాత'ని చూసుకోవలసింది ఎప్పుడూ నేనే. అయినా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తొందరపడే బాస్ దగ్గర మనకి తప్పులు సరిదిద్దే విద్య వస్తుంది. నింపాది బాస్ దగ్గర మీటింగుల్లో కూర్చునే విద్య వస్తుంది. నేను మొదటి రకానికే ఓటేస్తాను.

ఎరువుల కొట్టు ఈ-మెయిలు

సైటు సంగతి చెప్పాలి. ఒక కాలువ కింద రైతులు సంఘంగా ఏర్పడి మా చేత చేయించుకున్నారు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు సరిపోవు. వంతులవారీగా వదులుతారు. వంతు వచ్చినప్పుడు రైతు సైటులోకి వెళ్ళి, మా బోదెకి నీళ్ళు కావాలని నొక్కాలి. బోదె అంటే పొలాల్లోకి నీళ్ళు తీసుకెళ్ళే పిల్లకాలువ. ఆ బోదె కింద ఒక్కరు అడిగినా చాలు, కాలువ చూసుకునే లస్కరు తూము ఎత్తుతాడు. ఎవరూ అడగకపోతే ఆ నీళ్ళు పక్క బోదెకి పోతాయి. అడగనిదే అమ్మైనా పెట్టదన్నారు కదా, పద్ధతి బాగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

చిక్కల్లా ఈ-మెయిలుతో వచ్చింది. తయారుగా వచ్చిన యూజర్ టేబులుకి ఈ-మెయిలు కావాలి. రైతులకి ఈ-మెయిలు ఎక్కడిది? ఒక ఊళ్ళో అందరూ ఎరువుల కొట్టాయనది ఇచ్చేశారు. పాస్‌వర్డు మరిచిపోయానని ఆ ఊళ్ళో ఎవరు నొక్కినా ఉత్తరం ఎరువుల కొట్టుకి వెళ్ళేది. కొట్టాయన ఓపిక గల మనిషి. యూరియా బస్తా ఎత్తించి, దాంతో పాటు పాస్‌వర్డు కూడా చెప్పి పంపేవాడు.

కొంతకాలానికి ఆయనకే విసుగొచ్చి, మా ఆఫీసుకి ఫోన్ చేసి, "నేను ఎరువులు అమ్ముకోవాలాండి, మీ సైటు నడపాలాండి?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు బాస్‌కి 'తర్వాత' వచ్చేసిందని అర్థమైంది.

కొత్త యూజర్ టేబులు మన సొంతంగా రాద్దాం అనుకున్నాం. ఈ-మెయిలు ఉండదు, పాస్‌వర్డు ఉండదు. ఫోన్ నంబరే మనిషికి గుర్తు. ఫోనుకి ఓటీపీ వస్తుంది, ఆ నాలుగంకెలూ కొడితే తలుపు తెరుచుకుంటుంది. పేరు ఒట్టి అలంకారం, తెర మీద చూపించడానికే. నంబర్లు ఎక్కడివి అంటే, సంఘం అధ్యక్షుల దగ్గర పట్టాదారు పాసుపుస్తకాల ప్రకారం ఉన్నాయి. ఆయన సంతోషంగా ఇచ్చారు.

ఆ మీటింగులో కూర్చున్న వాళ్ళందరం పొలాలున్న కుటుంబాల వాళ్ళమే. అధ్యక్షులు, బాస్, నేను. మా నాన్నగారి పొలం చెక్క కూడా కౌలుకే ఉంది. అయినా పాసుపుస్తకంలో ఉన్న మనిషి, పొద్దున్నే చేలో ఉండే మనిషి ఒకరేనా అని ఎవరమూ అడగలేదు. తెలియక కాదు. మా వైపు అది అందరికీ తెలిసిన సంగతి, అందుకే ఎవరూ నోటితో అనరు.

రేవు దాటడం

పని మాత్రం బాగా చేశాం. ఇప్పుడు ఈ పని చేయబోయే వాళ్ళకి రెండు మాటలు. పాత టేబులులో మనిషికి ఏ వరస సంఖ్య ఉందో కొత్త టేబులులోనూ అదే ఉంచండి. మిగతా టేబుళ్ళు మనిషిని ఆ సంఖ్యతోనే గుర్తుపడతాయి, పేరుతో కాదు. అసలు దాని మీద చేయి వేసే ముందు దాని నకలు మీద చేయండి. విసుగొచ్చేదాకా చేయండి. సరంజామా తన మార్పుల చరిత్ర తనే రాసుకుంటూ ఉంటుంది. ఆ చరిత్రలో, ఈ కొత్త టేబులు ముందునుంచీ ఉన్నదే అని నమ్మించాలి. చిన్న అబద్ధమే, కానీ అది సరిగా ఆడకపోతే మొత్తం మొరాయిస్తుంది. పాత టేబులుని ఆ రోజే చెరిపేద్దామంటారు బాసులు. చెరపనివ్వకండి.

ఆ వారమంతా నాకు మధ్యాహ్నపు నిద్రలో ఒకటే కల. ఏదో రేవు. పడవ వస్తోంది, పోతోంది. రైతులు నెత్తిన మూటలు పెట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఇవతల ఎక్కిన వాళ్ళు అవతల దిగుతున్నారు, ఎవరి మూట వాళ్ళే పట్టుకుని. నీళ్ళు బూడిదరంగులో, కదలకుండా ఉన్నాయి. ఎవరూ మాట్లాడరు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను, భయం లేదు, సంతోషమూ లేదు. లేచాక కూడా చాలాసేపు ఆ నీటి రంగు కళ్ళల్లోనే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్న అసలు పని చేశాం. సైటు కాసేపు ఆపి, అందరినీ దాటించి, మళ్ళీ తెరిచాం. ఒక్క ముడి కూడా తెగలేదు. బాస్ తాపేశ్వరం కాజాలు తెప్పించారు. పాకం చేతికంటకుండా తినడం ఎలాగో ఆయన మాకు ఎప్పటిలాగే మళ్ళీ చూపించారు.

ఫిర్యాదులు లేని పెట్టె

తర్వాత చాలా ప్రశాంతంగా గడిచింది. కాలువ ఎగువ ఊళ్ళ నుంచి రెండు మూడు సందేహాలు వచ్చాయి, తీర్చాం. దిగువన, సముద్రం వైపున్న శివారు ఊళ్ళ నుంచి ఏమీ రాలేదు. ఒక్క ఫిర్యాదు లేదు.

"చూశారా, ఎంత సాఫీగా ఉందో!" అన్నారు బాస్.

నాకు ఏదో వెలితిగా ఉండేది. ఏదని అడిగితే చెప్పలేను. రోజూ వినే గడియారం ఆగిపోతే ఇంట్లో ఎలా ఉంటుందో అలా ఉండేది. అంతలో లస్కరు సూరిబాబు ఫోన్ చేశాడు.

"శివారు బోదె నుంచి ఎవ్వరూ అడగలేదండి. పోయిన వంతుకీ అడగలేదు. ఎల్లుండి మళ్ళీ వాళ్ళ వంతండి. అడక్కపోతే పక్క బోదెకి వదిలేమంటన్నారు సంఘం వాళ్ళు. నాకు మనసొప్పట్లేదండి. చేలు పొట్ట మీదున్నాయి మరి."

పొట్ట మీద ఉండడమంటే కంకి ఇంకా లోపలే ఉండి, బయటికి రావడానికి సిద్ధంగా ఉండడం. అప్పుడు నీళ్ళు తప్పితే కంకి వస్తుంది కానీ గింజ ఉండదు, తాలు.

ఈ మాట బాస్‌కి చెప్పాను.

"అడగలేదంటే అక్కర్లేదనే కదండీ?" అన్నారాయన.

"పొట్ట మీదున్న చేనుకి నీళ్ళక్కర్లేకపోవడం ఎక్కడైనా ఉందాండీ?"

నేను చేతిసంచీ తీసుకుని బస్సెక్కాను.

ఈ వృత్తిలో నన్ను ఎక్కువ మోసం చేసింది తప్పుల పట్టిక కాదు, ఖాళీ పట్టిక. సైటులో అంతా బాగుంటే జనం ఏమీ అనరు. సైటు దగ్గరికే రాలేకపోయినా ఏమీ అనరు. ఆఫీసులో కూర్చుని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గట్టు మీద

కాకినాడ దాటి, ఆటో మారి, ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం. గాలిలో ఉప్పు తెలుస్తోంది. ఒకవైపు రొయ్యల చెరువులు, వాటిలో చక్రాలు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు దూరం నుంచి వానలా వినిపిస్తోంది. ఇంకోవైపు చేలు. ఎండలో పచ్చదనం మీద పల్చని ఆవిరి ఆడుతోంది. కొంగలు కూడా కదలడం లేదు. ఒక్క క్షణం, నేను ఆఫీసు కుర్చీలోనే నిద్రపోతున్నానేమో అనిపించింది.

దగ్గరికి వెళ్ళి చూస్తే చేనులో నేల నెర్రెలిచ్చింది. నా చెప్పు మడమ అందులో దిగబడింది.

బోదె గట్టు మీద ఒకావిడ కూర్చుని ఉంది. నా కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. ఆ తర్వాత తెలిసింది, పేరు వెంకటలక్ష్మి. భర్త రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి వెళ్తాడు, చేను ఆవిడే చూసుకుంటుంది.

"ఈ చేను ఎవరిదమ్మా?" అని అడిగాను.

"శేషగిరిరావు గారిదండి. రాజమండ్రిలో ఉంటారు."

"మరి నీళ్ళు అడగలేదేం?"

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "తవరెవరండి?"

చెప్పాను. సైటు మాదేననీ, ఎందుకు అడగలేదో తెలుసుకుందామని వచ్చాననీ.

"ఆయ్, మీరేనాండి ఆ సైటు మార్చింది!" అంటూ లేచి నిలబడింది. "ఎంత పని చేశారండి మేడంగారూ! ఇదివరకు రావు గారి పేరు కొట్టి, పాస్‌వర్డు కొడితే లోపలికి పోయేదాన్నండి. ఎన్నేళ్ళ నుంచో నేనే అడుగుతన్నాను నీళ్ళు. ఇప్పుడేమో ఓటీపీ అంటంది. అది రావు గారి ఫోన్‌కి పోతంది."

"ఆయనకి ఫోన్ చేసి కనుక్కోలేకపోయారా?"

"చేశానండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదంట, బేంకోళ్ళు చెప్పారంట. ఠపీమని పెట్టేశారు."

నవ్వకూడని చోట నవ్వొచ్చింది. నన్ను చూసి ఆవిడకీ వచ్చింది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఇద్దరం చేను వైపు చూశాం.

"ఈ వంతు కూడా తప్పితే ఇంక గింజ పట్టదండి. గడ్డి కోసుకోవడమే. పెట్టుబడంతా నేలపాలు," అంది, నేలనే చూస్తూ.

"మాకు ఫిర్యాదు చేయవలసిందమ్మా. సైటులో పెట్టె ఉంది కదా."

"ఏమనండి ఫిర్యాదు? రావు గారి పేరున నేను లోపలికెళ్తన్నానని మీకు నేనే చెప్పుకోనా? దొంగతనం చేసి పోలీస్ స్టేషన్‌కెళ్ళి తాళం సరిగ్గా లేదన్నట్టు ఉంటదండి."

"పోనీ, మీ ఫోనుతో మీ పేరునే కొత్తగా చేరిపోండి. నేను చేర్పిస్తాను."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"వద్దండి బాబూ. నా పేరు ఆ చేను పక్కన ఎక్కడన్నా పడిందంటే వచ్చే ఏటికి చేను ఉండదండి నాకు. మాకు కౌలు కాగితాలుండవు, నోటిమాటే. ఈ బోదె కింద అందరం అంతేనండి. ఒక్కరికీ సొంతం లేదు."

అప్పటికి నాకు పూర్తిగా తెలిసొచ్చింది. శివారు చేలకి నీళ్ళు ఆఖరున వస్తాయి, కొన్నిసార్లు రావు. సొంతదారులు ఎప్పుడో పట్నాలకి వెళ్ళిపోయారు. మా యూజర్ టేబులులో ఉన్నవి వాళ్ళ పేర్లు. ఆ పేర్లలోంచి రోజూ వస్తూ పోతూ ఉన్నది వేరే మనుషులు. ఆదివారం మేం జాగ్రత్తగా దాటించింది మూటలనే. మనుషులు ఇవతలి గట్టునే ఉండిపోయారు. అరవడానికి కూడా లేకుండా.

నాకు సిగ్గుగా అనిపించిందని రాస్తే అది సగమే నిజం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ ఎండలో దానికి నిలబడే చోటు కూడా దొరకలేదు.

రావు గారి వరండా

మర్నాడు పొద్దున్నే శేషగిరిరావు గారింటికి వెళ్ళాను. స్కూలు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన. వరండాలో పడక కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. మనిషి నెమ్మది. నన్ను కూర్చోబెట్టి, లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించారు. వచ్చిన పని చెప్పాను.

"ఓటీపీ అడిగేవాళ్ళంతా దొంగలమ్మా. టీవీలో రోజూ చెబుతూనే ఉన్నారు," అన్నారు.

"ఇది నీళ్ళ ఓటీపీ అండి."

"నీళ్ళకి మాత్రం దొంగలుండరా అమ్మా?"

చేను నెర్రెలిచ్చిన సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. పంట మీద ఆయనకి దయ లేకపోలేదు.

"వెంకటలక్ష్మి మంచి మనిషి. వాళ్ళాయన కూడా మంచివాడే. కానీ పేరు ఒకసారి ఎక్కిందంటే దింపడం ఉండదమ్మా. రేపు ఏ రూలు వస్తుందో, ఎవరు దేన్ని చూపించి ఏమంటారో. నాకున్నది ఆ చెక్క ఒక్కటే. నేను భయపడేది ఆవిడకి కాదు, రాతకి."

నేను వరండా స్తంభానికి ఆనుకుని ఉన్నాను. రాత్రి సరిగా నిద్ర లేదు. ఎదురుగా వీధిలో ఎవరో పూలమ్ముకుంటూ వెళ్తున్నారు, ఆ కేక దూరమయ్యేకొద్దీ పాటలా ఉంది. నిజం చెప్పాలంటే నాకప్పుడు ఒక రెప్ప వాలింది. ఆ రెప్పపాటులో కొత్త టేబులు మొత్తం కళ్ళ ముందు కనబడింది. ఒక గడిలో పేరు. ఒక గడిలో నంబరు. మధ్యన గీత.

"రావు గారూ, మీ పేరు మీ పేరులాగే ఉంటుంది. నంబరు ఒక్కటి మార్చనివ్వండి. మీ నంబరు బదులు ఆవిడ నంబరు పెడతాను."

"పేరు?"

"మీదే."

"ఆవిడ పేరు ఎక్కడా?"

"ఉండదండి."

ఆయన ముఖం విచ్చుకుంది. "మరి నంబరేగా! దానిదేముందమ్మా, పెట్టుకోండి!"

నెలల తరబడి మేం కష్టపడి నంబరుని మనిషిని చేశాం, పేరుని అలంకారం చేశాం. ఆయన వరండాలో ఆ రెండూ అర నిమిషంలో తారుమారయ్యాయి. మెషీనుకి ఏది ప్రాణమో మనుషులకీ అదే ప్రాణమని అనుకోవడం మా వృత్తిలో ఉన్న పెద్ద జబ్బు. దానికి మందు నాకు ఆఫీసులో ఎప్పుడూ దొరకలేదు.

నంబరు మార్చడానికి కూడా ఆయన ఫోనుకి ఓటీపీ రావాలి. వచ్చింది. అది నాకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆయనే కొట్టారు.

బాస్ అడిగిన ప్రశ్న

ఆఫీసుకి వచ్చి చెబితే రామ్మోహనరావు గారు కాసేపు కణతలు రుద్దుకున్నారు.

"అంటే, తప్పని తెలిసి తప్పు డేటా పెట్టామా సుభద్ర గారూ?"

"పేరు ఆయనది, నంబరు ఆవిడది, నీళ్ళు చేనువి. ఇందులో తప్పేదో మీరే చెప్పండి."

ఆయన లేచి శివారు ఊళ్ళ జాబితా తీశారు. తర్వాత, "మిగతా శివారు వాళ్ళ సొంతదారులకి కూడా ఫోన్లు చేయండి. ఒప్పుకున్న వాళ్ళకల్లా ఇలాగే మార్చేయండి. అధ్యక్షుల వారితో నేను మాట్లాడతాను," అన్నారు. మాట్లాడారు కూడా. ఆయన మీద ఎన్ని చెప్పినా, ఆ సాయంత్రం ఆయన వేసిన అడుగు నేను మరిచిపోను.

ఇంతకంటే అందమైన మార్గం ఒకటి ఉంది. యూజర్ టేబులులో సొంతదారు వేరు, సాగు చేసేవారు వేరు అని రెండు గడులు పెట్టడం. ఆ బొమ్మ నేను గీశాను కూడా. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. దాన్ని అలాగే మడిచి పక్కన పెట్టేశాను. ఆ రెండో గడి నింపిన మరుక్షణం వెంకటలక్ష్మికి నీళ్ళొస్తాయి, చేను పోతుంది. ఇది న్యాయమా అని మీరు అడుగుతారు. కాదు. ఆ చేను మీద అంత చాకిరీ చేసే మనిషి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి. దానికి తగిన చట్టం, తగిన ధైర్యం కావాలి. అవి లేకుండా నా టేబులులో ఒక గడి పెట్టి న్యాయం చేశాననుకుంటే, ఆ న్యాయానికి ఖర్చు ఆవిడ భరించాలి, మెప్పు నాకు రావాలి. నాకది నచ్చలేదు. మనిషిని ఒక ప్రశ్న అడిగే ముందు, జవాబు చెప్పినందుకు ఆ మనిషికి ఏమవుతుందో చూసుకోండి. నేను పిల్లలకి చెప్పాలనుకుని చెప్పలేకపోయేది బహుశా ఇదే.

వంతు రోజు

వంతు రోజున నేను మళ్ళీ శివారుకి వెళ్ళాను. వెళ్ళవలసిన అవసరం లేదు. ఆఫీసులో కూర్చుంటే తెర మీద తెలుస్తుంది. కానీ కూర్చోలేకపోయాను.

వెంకటలక్ష్మి గట్టు మీదే ఉంది. పొద్దున్నే అడిగేశానంది. ఓటీపీ తన ఫోన్‌కే వచ్చిందట. "మొదటిపాలి కదండి, రెండుమాట్లు చూసుకుని కొట్టాను," అని నవ్వింది. ఆవిడతో పాటు ఆ బోదె కింది వాళ్ళు ఇంకొందరు అక్కడక్కడా గట్ల మీద కూర్చుని ఉన్నారు. బోదె ఎండిపోయి ఉంది. అడుగున నత్తగుల్లలు తెల్లగా మెరుస్తున్నాయి. ఎండ ఏటవాలుగా పడుతోంది. అందరం ఒకే వైపు చూస్తున్నాం, తూము ఉన్న వైపు.

ఆవిడ తన పక్కన నాకు జాగా చేసింది. కూర్చున్నాను. అడిగితే వచ్చే నీళ్ళే, అయినా దారిలో ఎవరైనా గండి కొట్టుకుంటే రావు. సూరిబాబు ఎత్తాడో లేదో తెలియదు. ఆవిడ అరచేతిలో గడ్డిపరక ఒకటి మెలిపెడుతూ, విప్పుతూ ఉంది. నాకు భయం వేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని టేబుళ్ళు మార్చినా, మార్చినదాని ఫలితం కోసం ఇలా గట్టు మీద కూర్చుని ఎదురుచూడలేదు.

అప్పుడు ఆవిడ రొంటిన ఫోన్ మోగింది. కొత్త సైటులో ఇదొకటి పెట్టాం. తూము ఎత్తగానే మెషీను ఫోన్ చేసి చెబుతుంది, చదువు రానివాళ్ళకి వీలుగా ఉంటుందని. ఆవిడ గబగబా తీసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. రికార్డు చేసిన ఆడగొంతు, మర్యాదగా, నెమ్మదిగా పలికింది.

"నమస్కారం శేషగిరిరావు గారూ. మీ బోదెకి నీళ్ళు వదిలాము."

"ఆయ్, వస్తన్నానండి!" అంది వెంకటలక్ష్మి ఫోనుతో.

ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. మలుపు దగ్గర ఎండుటాకుల్ని నెట్టుకుంటూ మట్టిరంగు నీళ్ళు అప్పుడే తొంగిచూశాయి. ఫోన్ రొంటిన దోపుకుని, చీర కుచ్చెళ్ళు ఎగగట్టి, పార భుజాన వేసుకుని, శేషగిరిరావు గారు గట్టు దిగి, చేలోకి నీళ్ళు మళ్ళించే మడవ తీయడానికి వెళ్ళారు.